నాన్న కలిపిన ముద్ద

ఇవాళ కాలేజీ లాన్‌లో పురుగుమందు కొడుతుంటే, ఆ ఘాటుకి నా గొంతు పట్టేసింది.

తుళ్లూరు పక్కన మా ఊరి పొదలన్నీ రాజధాని కోసం చదును చేసినప్పుడు, ఒక కుంటి నక్క మా దొడ్డి వెనక్కి చేరింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కోడి ఎముకలు వేసి దాన్ని మచ్చిక చేసుకున్నాను. మనుషుల భయం పోయి, అది మా కోళ్లనే ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు నాన్న కోడిపేగుల్లో ఏదో కలిపి తెచ్చాడు.

"నువ్వు పిలిస్తే వచ్చిద్ది గదా, పిలువమ్మా."

నాన్నకీ దానిమీద జాలి పుట్టిందని పొంగిపోయాను. ముద్ద నుంచి పత్తికి కొట్టే మందు వాసన వచ్చింది. నాన్న చేతులకి ఎప్పుడూ ఉండే వాసనే కదా అనుకున్నాను.

"దా, దా" అని పిలిచాను. కుంటుకుంటూ పరుగున వచ్చింది.

నక్కని నాన్న చంపాడనే ఊరంతా చెప్పుకున్నారు. నక్క నమ్మి వచ్చింది మాత్రం నా గొంతుని.