స్విచ్ ఆపకుండా పీకిన కార్డు

అది 1988 ఎండాకాలం. నరసరావుపేటలో నాకు రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. రేడియో గొంతు పోయినా, టీవీలో బొమ్మ జారినా ఊళ్ళో వాళ్ళు ‘బ్రహ్మయ్యను పిలవండి’ అనేవాళ్ళు. ఆ మాట వింటే చాలు, ఆ పూట నాకు అన్నం లేకపోయినా గడిచేది.

అలాంటి రోజుల్లో మస్తాన్ మద్రాసు వెళ్ళి ఆరు నెలలు కంప్యూటర్ రిపేరు నేర్చుకుని వచ్చాడు. మేమిద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. నేను రెండేళ్ళు ముందు. వాడికి టంకం కడ్డీ పట్టుకోవడం నేర్పింది నేనే. తిరిగొచ్చాక వాడు ‘కంప్యూటర్ మస్తాన్’ అయ్యాడు, నేను ఉత్త బ్రహ్మయ్యగానే మిగిలాను. టీకొట్టు బల్ల మీద వాడికి జరిగి చోటిచ్చేవాళ్ళు. నాకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. జేబులో కలంలా పెట్టుకు తిరిగే వాడి చిన్న స్క్రూడ్రైవర్ కనబడినా ఒళ్ళు మండేది.

టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే సరోజినమ్మ గారు ఆ ఏడు ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెప్పించారు. మద్రాసులో దాన్ని ఎంచి కొనిపెట్టింది మస్తానే. సోమవారం నుంచి క్లాసులని బోర్డు కూడా రాయించారు. నకరికల్లు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళతో సహా పదిమంది పేర్లిచ్చారు. శనివారం మధ్యాహ్నం తెర మీద అక్షరాలు ముక్కలైపోవడం మొదలైంది. మస్తాన్ గుంటూరు వెళ్ళాడు, సాయంత్రానికి గాని రాడు. ఆవిడ నాకు కబురు పెట్టారు.

నేను ఎంత హుషారుగా వెళ్ళానో చెబితే నవ్వుతారు. చెప్పులు తిరగేసి వేసుకున్నాను.

కంప్యూటర్ లోపల డిస్‌ప్లే కార్డని ఒకటుంటుంది. ఇప్పటి పిల్లలు గ్రాఫిక్స్ కార్డు అంటారు. తెర మీద కనబడేదంతా అది గీసిపెట్టేదే. స్లాట్ అనే సన్నటి గాడిలో నిలువుగా దిగి ఉంటుంది. నేను స్క్రూడ్రైవర్ పిడితో కార్డును మెల్లగా తట్టాను. అక్షరాలు ఒక్క క్షణం కుదురుకుని మళ్ళీ చెదిరాయి. అంటే ఎక్కడో పట్టు వదిలింది, లూజ్ కాంటాక్ట్. నా అంచనా తప్పు కాదు. మస్తాన్ రాకముందే దీన్ని బాగుచేసి, సాయంత్రం టీకొట్టులో ఆ సంగతి తాపీగా చెప్పాలని మనసులో మాటలు కూడా కూర్చుకున్నాను.

మా టీవీవాళ్ళకు సెట్టు నడుస్తుండగానే పనిచేయడం అలవాటు. షాక్ కొట్టకుండా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో తడుముతాం. బొమ్మ మారితేనే గదా తప్పెక్కడుందో దొరికేది. ఆ అలవాటుతోనే ఎడమచెయ్యి వెనక్కి పెట్టి, కుడిచేత్తో కార్డును పైకి లాగాను. ఒంటిచేత్తో లాగేసరికి అది గాడిలో పక్కకు ఒరిగి, కరెంటు పారకూడని చోటికి పారింది. చిటుక్కుమంది. సన్నగా పొగ, కాలిన వాసన. తెర చీకటైపోయింది.

సరోజినమ్మ గారు ముందు గదిలో టైపు పిల్లల దగ్గరున్నారు. వచ్చి, “ఏమైంది బ్రహ్మయ్యా?” అన్నారు.

“ఆగిపోయిందమ్మా” అన్నాను. అది అబద్ధం కాదు, నిజం అంతకన్నా కాదు.

మస్తాన్ బస్సు దిగి నేరుగా వచ్చాడు. వాడు కూర్చోకముందే ఆవిడ అందుకున్నారు. “నువ్వు ఎంచి తెచ్చిన సరుకేగా ఇది! చచ్చుది అంటగట్టావు. సోమవారం ఆ పిల్లలకు నా మొహం ఎట్టా చూపించమంటావు? ఇంకోసారి ఎవరికైనా నీ పేరు చెబుతానా?”

మస్తాన్‌ను ఊళ్ళో ఎవరైనా నాలుగు మాటలంటే వినాలని నేను ఎన్నాళ్ళుగా కోరుకున్నానో! దాచడమెందుకు, మొదటి రెండు మాటలూ పాయసంలా ఉన్నాయి.

వాడు కార్డు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. అంచున నల్లటి మచ్చ. నా వైపు చూశాడు. వాడికి తెలిసిపోయింది. అయినా తలొంచుకుని, “అవునమ్మా, పాతదే. నేను సరిగ్గా చూసుకోవాల్సింది” అన్నాడు.

ఆ మాట నన్ను కాల్చేసింది. ఇందులోనూ వీడిదే పైచెయ్యా! ఆ ఉక్రోషంలోనే నోరు తెరిచాను. “కార్డు మంచిదేనమ్మా. నడుస్తుండగా పీకి కాల్చింది నేను. వాణ్ణేమీ అనకండి.”

ఆవిడ మంచినీళ్ళు తాగి ముందు గదిలోకి వెళ్ళిపోయారు.

“ఆ ముక్క చెప్పటానికి ఇంతసేపు పట్టిందా అన్నా?” అన్నాడు మస్తాన్ పళ్ళు బిగించి. “నా పేరు పోతా ఉంటే చూస్తా నిలబడ్డావే!”

“నిలబడ్డానురా” అన్నాను.

వాడు కార్డును నా ముందు పెట్టి, కాలిన ఐసీని వేలితో చూపించాడు. ఐసీ అంటే కార్డు మీద ఉండే నల్లటి కాళ్ళజెర్రి లాంటి ముక్క. దానికి ఇరవై కాళ్ళు. అలాంటిదే వాడి దగ్గరున్న పాత బోర్డు మీద ఒకటుంది. దాన్ని కాళ్ళు విరగకుండా ఊడదీసి ఇక్కడ అతకాలి.

“ఇది నావల్ల కాదు. నువ్వే చెయ్యాల” అన్నాడు.

ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. ఒక్కో కాలూ విడిపించి, ఒక్కో కాలూ అతికాను. మొదట్లో అక్షరాలు ఎందుకు చెదిరాయో మాత్రం వాడే కనిపెట్టాడు. ఎన్నాళ్ళో నడిచిన వేడికి, టంకం లేకుండా సాకెట్ గుంటల్లో గుచ్చిన ఇంకో రెండు ఐసీలు కాస్త పైకి లేచి ఉన్నాయి. బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాడు. స్విచ్ వేస్తే తెర నిండా అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి.

మస్తాన్ తెర వైపు చూడలేదు. నా టంకం చుక్కలనే చూస్తున్నాడు. “ఆర్నెల్లున్నా ఈ చెయ్యి నాకు రాలేదన్నా. ఉస్తాద్ దగ్గర ఉన్నప్పటి నుంచీ నీ చెయ్యంటే నాకు చానా కడుపుమంట” అన్నాడు.

నేను ఎవణ్ణి చూసి ఏడ్చానో వాడు నన్ను చూసి ఏడుస్తున్నాడని తెలిసేసరికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు సంతోషమూ వేసింది, ఒట్టు.

సోమవారం క్లాసులు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఏ కార్డు చేతికొచ్చినా ముందు స్విచ్ ఆపుతాను. నాకంటే బాగా తెలిసినవాడుంటే వాణ్ణి పిలుస్తాను. పిలిచేటప్పుడు ఇప్పటికీ కాస్త మండుతుంది. అయినా పిలుస్తాను.