పది లక్షల ఒకటి

నా చిన్నప్పుడు, భీమడోలు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతుండగా, ఒక సంఖ్య గురించి మా లెక్కల మాస్టారితో తగువు వచ్చింది. తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

ఆయన బోర్డు మీద పది లక్షల ఒకటి వేశారు. రెండు, మూడు, అయిదు అంటూ పదమూడు దాకా భాగించి చూపించారు. దేనితోనూ పోలేదు. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య, ఒకటీ తానూ తప్ప దీన్ని భాగించేది ఏదీ లేదని తేల్చేశారు. పదమూడు దాటి చూడలేదు కదా అని నాకు సందేహం. లేచి, "పై వాటితో పోదని ఎలా తెలుసండీ?" అని అడిగాను.

"నేను చెప్పాను కాబట్టి" అన్నారు. ఆడపిల్లకి ఇంత నోరు పనికిరాదంటూ గంట కొట్టేదాకా వరండాలో నిలబెట్టారు. వచ్చేపోయేవాళ్లంతా చూశారు.

మా మేనత్త, అంటే నాన్నగారి చెల్లెలు, రోజూ రైల్లో ఏలూరు వెళ్లి డిగ్రీలో లెక్కలు చదివేది. ఆ సాయంత్రం ఆవిడ ముందు పుస్తకాల సంచి విసిరికొట్టాను. అంతా విని, "జవాబు నాకు తెలుసు, కానీ చెప్పను. కోపంగా ఉన్నావు కదా, భాగించు" అంది. ఆవిడ మీదా కోపం వచ్చింది. నాన్నగారి కొట్లో పొట్లాలకి ఉంచిన కాగితాలు తెచ్చుకుని పదిహేడుతో మొదలుపెట్టాను. కసిగా నొక్కి రాస్తుంటే పెన్సిలు విరిగేది, చెక్కుకుని మళ్లీ రాసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం నూట ఒకటి దగ్గర శేషం సున్నా వచ్చింది. ఇల్లంతా వినపడేలా అరిచాను.

అత్త మెచ్చుకోలేదు. "పోయింది సరే, ఎందుకు పోయింది? వందని వందతో, మళ్లీ వందతో గుణిస్తే ఎంతే?"

"పది లక్షలు."

"అది వంద ఘనం. ఒకటి ఘనం?"

"ఒకటే."

"రెండూ కలుపు."

అప్పుడు వెలిగింది. రెండు సంఖ్యల ఘనాలు కలిపితే వచ్చేదాన్ని ఆ రెండు సంఖ్యల మొత్తం భాగిస్తుంది. వందా ఒకటీ, నూట ఒకటి! ఆ సూత్రం మాస్టారు మా చేత రోజూ వల్లె వేయించేదే.

సోమవారం అదంతా బోర్డు మీద రాశాను. ఆయన చివరిదాకా చూశారు. తప్పు దొరకలేదు. డస్టరు తీసుకుని మొత్తం తుడిచేసి, "ఎవరో చెప్పి పంపారు. ఇది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఇంటికొచ్చి ఏడ్చాను, ఇక బడికి వెళ్లనన్నాను. అత్త ముఖం ఎర్రబడింది. అయినా నన్ను ఓదార్చలేదు. "ఆయన ఒప్పుకోకపోతే నూట ఒకటి భాగించడం మానేస్తుందా? రేపు వెళ్లి మొదటి బెంచీలో కూర్చో" అంది.

వెళ్లి కూర్చున్నాను. ఆ ఏడాదంతా ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు, క్షమించమని అత్త చెప్పనూ లేదు. తర్వాత తాడేపల్లిగూడెంలో నేనూ చాలాకాలం లెక్కలు చెప్పాను. ఎవరైనా పెద్దరికం చూపించి నోరు మూయించబోతే ఇప్పటికీ అదే మంట రేగుతుంది. ఏడుపు మాత్రం రాదు. వాళ్లు అవునంటారేమోనని ఎదురుచూడను. కారణం చెప్పి, నా చోట నేను కూర్చుంటాను.