హైమావతి గారి కోసం నింపిన బావి

ఇవాళ గన్నవరం దాటాక నా ముందు వెళుతున్న కంకర లారీ మీద వాన కురిసింది. కారు అద్దాలు మూసినా తడిసిన రాతిపొడి వాసన లోపలికి వచ్చేసింది. దాంతో పాటే హైమావతి గారూ, నా అసూయా వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. ఆవిడ పోయి ఏళ్లయింది. అసూయ మాత్రం దుక్కలా ఉంది.

పటమటలో ఒక ఇరుకు మేడ మీద ఆవిడ నీటి పరీక్షల ల్యాబు నడిపేవారు. నేను కొత్తగా చేరిన ఎమ్మెస్సీని. గన్నవరం అవతల ఒక రాతి క్వారీ ఉంది. దాని గోతిలో ఊరే నీళ్లను మోటార్లు తోడేస్తుంటే చుట్టుపక్కల బావులూ, బోర్లూ, వాగూ ఏమవుతున్నాయో కొలిచి చెప్పడం మా పని. మొదటి రోజు బోరు మోటారు వేయగానే చటుక్కున సీసాకు పట్టాను. నా చురుకుదనానికి శాలువా కప్పుతారనుకున్నాను. "అవి పైపులో నిద్రపోయిన నీళ్లు బాబూ, పారబోసెయ్. భూమిలోంచి అప్పుడే లేచినవి రానీ," అన్నారు. ఆ నీళ్లు లేచేలోపు నిలబడ్డచోటే నాకు గడ్డం పెరిగింది.

అది సహించాను. ఊళ్లలో ఆవిడకు జరిగే రాజభోగాన్ని మాత్రం సహించలేకపోయాను. జీపు దిగగానే కొబ్బరిబొండాలు, మజ్జిగ, అరటి గెలలు! ఒక ఊళ్లో అప్పుడే పీటల మీంచి లేచిన పెళ్లికొడుకును తెచ్చి ఆవిడ కాళ్లకు మొక్కించారు. నేను వెనక సీసాల పెట్టె మోస్తూ ఉండేవాణ్ణి. పోనీ ఆవిడ తియ్యగా మాట్లాడతారా అంటే అదీ లేదు. "మీ బోరు ఎండింది క్వారీ వల్ల కాదండీ, మీ తమ్ముడు పక్కనే వేసిన కొత్త బోరు వల్ల," అని ఒక రైతు మొహం మీదే చెప్పేశారు. తిట్టాలి కదా! ఆయన ఇంకో బొండాం కొట్టి చేతికిచ్చాడు.

క్వారీ కింద ఒక పేట ఉంది. ఆ పేటంతా తాగేది రత్తమ్మ గారి బావి నీళ్లే. వేసవి రాకుండానే ఆ బావి అడుగంటింది. హైమావతి గారు వచ్చి చూసి చెబితేనే క్వారీవాళ్లు వింటారని పేటవాళ్లు కబురు పెట్టారు. క్వారీ మేనేజరును కూడా వెంటబెట్టుకుని వెళ్లాం. తీరా చూస్తే బావి నిండుగా తొణికిసలాడుతోంది.

"చూశారా మేడమ్! ఇంకా మా మీద ఏడుపేంటండీ?" అన్నాడు మేనేజరు. ఆయన పళ్ల తళతళకు నా కళ్లు చెదిరాయి.

హైమావతి గారు నీళ్లు తోడించి, ఉప్పు ఎంతుందో చూపే మీటరు అందులో ముంచారు. ఆ బావి నీళ్లు ఎప్పుడూ కాస్త ఉప్పగా ఉంటాయి. ఇవి చప్పగా ఉన్నాయి.

"రత్తమ్మ గారూ, ఇవి కాలవ నీళ్లు కదండీ?"

రత్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఏం చెయ్యనమ్మా. అంత దూరం నుంచి మీరొస్తుంటే ఎండిపోయిన బావి చూపించటానికి సిగ్గేసింది. ట్యాంకరు తెప్పించి పోయించాను."

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మర్యాద ముంచేసింది. పేట తాగునీరు గాలిలో వేలాడుతున్న ఆ ఘడియలో కూడా నాకు తోచింది ఒక్కటే: నేనొక్కణ్ణే వచ్చినప్పుడు ఎవరూ చెంబెడు నీళ్లయినా పోయలేదే!

"నిండుగా ఉందని రాసెయ్యండి మేడమ్. మీకు ఫీజిచ్చేది మేమే కదా," అన్నాడు మేనేజరు.

"డాక్టరుకు ఫీజిచ్చేది జ్వరం లేదని చెప్పించుకోటానికా అండీ?"

"అయితే క్వారీ వల్లేనని రాయండమ్మా!" అని పేట జనం అరిచారు.

"అదీ ఇప్పుడే చెప్పలేనండీ. నీళ్లు చూశాక చెబుతాను."

బావి మొత్తం తోడించారు. కొన్నాళ్లు క్వారీ మోటార్లు ఆపమన్నారు. తప్పు తమది కాదని తేలుతుందన్న ధీమాతో మేనేజరు ఆపించాడు. ఊట మెల్లగా పైకొచ్చింది. మోటార్లు మళ్లీ వేయిస్తే దిగిపోయింది. మేనేజరు బావి గట్టున నిలబడి కళ్లారా చూశాడు. చివరికి క్వారీ ఆ వైపు గోతిని రాళ్లతో పూడ్చి తవ్వకం అవతలికి మార్చుకుంది. బావి బతికింది.

అంత నష్టపోయిన మనిషి వెళుతూ ఏమన్నాడో తెలుసా? "మేడమ్, ఇల్లు కట్టుకుంటున్నాను. బోరు ఎక్కడ వెయ్యాలో మీరే వచ్చి చెప్పాలండీ." నేను పక్కనే ఉన్నాను, ఎమ్మెస్సీతో సహా.

ఆ ల్యాబు ఇప్పుడు నాది. ఇవాళ వానలో నేను వెళ్లింది రత్తమ్మ గారి బావి దగ్గరికే. మట్టం మళ్లీ కాస్త దిగింది.

"క్వారీయేనా బాబూ?" అని ఇప్పుడు ముసలావిడైన రత్తమ్మ గారు అడిగారు. అవునంటే చాలు, పేట నన్ను భుజాల మీద ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్ దాకా ఊరేగిస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇప్పుడే చెప్పలేనండీ. నీళ్లు చూశాక చెబుతా."

"అట్టాగే కానియ్యి. నువ్వు చెబితే నమ్ముతాంలే. ఆయమ్మ దగ్గర పనిచేసినోడివి కదా!"

ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లకు నాకు దక్కిన ఆ కాస్త నమ్మకమూ ఆవిడదే. నాది కాదు గనక, దాన్ని పారేసుకునే హక్కు కూడా నాకు లేదు.