మ్యాగజైన్‌లో పసుపు

నాకు నవ్వొస్తే ఆగదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే రైఫిల్ పట్టేవాళ్లకు ఉండకూడని జబ్బు ఇదే.

నారాయణఖేడ్‌లో బస్టాండు వెనక నాది చిన్న టైలరింగు షాపు. కొన్నేళ్ల కింద ఒక రిటైర్డు హవల్దారు కాన్వాసు గుడ్డ పట్టుకొచ్చాడు. పడుకొని రైఫిల్ కాల్చేటప్పుడు మోచేతులు ఒరుసుకుపోకుండా మెత్తలు పెట్టి కోటు కుట్టమన్నాడు. ఊరి బయట మూతపడ్డ పప్పుమిల్లు షెడ్డులో ఆయన లైసెన్సు తీసుకొని చిన్న రైఫిల్ క్లబ్బు నడిపేవాడు. కోటు సరిపోయిందో లేదో చూద్దామని షెడ్డుకు పోయాను. "నువ్వు గూడ ఒకటి కొట్టి సూడు బిడ్డా" అన్నాడు. కొట్టాను. అంతే, ఆ రోజు నుంచి నా ఆదివారాలు షాపు చేతిలోంచి జారిపోయాయి.

మా సార్, అదే ఆ హవల్దారు, గురి గురించి చెప్పింది తక్కువ, రైఫిల్‌లో తూటాలు పేర్చే డబ్బీ ఉంటుందే, ఆ మ్యాగజైన్ గురించి చెప్పింది ఎక్కువ. పాయింట్ టూ టూ తూటాకు వెనక గుండ్రటి అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది దానికి ముందుండాలి. వెనకబడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని కదలనంటాయి. తూటా మీది మైనం, కాల్చినప్పటి మసి కలిసి లోపల జిడ్డు కడతాయి. అప్పుడప్పుడు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, పొడిగానే మూసేయాలి. నూనె పడిందా, ఆ మసినంతా పట్టుకొని, తూటాలను పైకి తోసే స్ప్రింగును ముద్ద చేస్తుంది. "పొడి బిడ్డా, పొడి" అని ఆయన రోజుకు వందసార్లు అనేవాడు. పొద్దంతా కుట్టు మిషను బాబిన్ కేసుతో కాపురం చేసేదాన్ని కాబట్టి నాకు ఇదంతా ఇట్టే ఎక్కేసింది. మాకున్నవి రెండే మ్యాగజైన్లు. ఏది మొరాయించిందో తెలియడానికి గోళ్ల రంగుతో ఒకదానికి ఒక చుక్క, ఇంకోదానికి రెండు చుక్కలు పెట్టాను.

పోయినేడు జిల్లా జట్టు ఎంపిక పోటీ సంగారెడ్డిలో, సరిగ్గా దసరా మర్నాడు పెట్టారు. అప్పటికే మూడుసార్లు పోయి మూడుసార్లూ ఉత్తచేతులతో వచ్చాను. ఈసారీ ఎంపిక కాకపోతే ఇక రైఫిల్ ముట్టనని ఎవరూ అడగకుండానే ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్న మరుక్షణం నుంచి ఆ ఒట్టు తలుచుకుంటేనే ఏడుపు వచ్చేది.

మా అత్తది సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద దిక్కు. కోపమొస్తే కన్నడం, ప్రేమొస్తే తెలుగు. కోడలు తుపాకి పట్టిందని వాడకట్టంతా ముక్కున వేలేసుకుంటే, "మీ కోడండ్లకు పట్టరాకపోతే మా పిల్లనంటరేంది?" అని తిరగబడింది ఆమే. దసరా నాడు షాపులో నా మిషనుకు పూజ అయ్యాక, రైఫిల్‌కు కూడా చేయాల్సిందేనని షెడ్డుకు బయల్దేరింది.

మా సార్‌ది చర్చికి పోయే కుటుంబం. "మీ తీరున మీరు చెయ్యున్రి అక్కా, నా తీరున నేను ప్రార్థన చేస్త" అన్నాడు. రైఫిల్‌ను కంబళి మీద పడుకోబెట్టి, పక్కన రెండు మ్యాగజైన్లు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. మా సార్ ప్రార్థన చిన్నది కాదు. అందులో దేశం, వానలు, కందిచేన్లు, నా మోచేతులు అన్నీ వస్తాయి. నేను కొబ్బరికాయ కొట్టడానికి బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి రైఫిల్‌కు, మ్యాగజైన్లకు పసుపు కుంకుమ బొట్లు. పెళ్లికి తయారైనట్టు ముచ్చటగా ఉన్నాయి. పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా మేం ముట్టం. మర్నాడు పొద్దున సార్ రైఫిల్ తుడిచాడు, నేను మ్యాగజైన్లను పైపైన తుడిచాను. కాగితాలు సరిచూసుకొని బస్సెక్కాం.

పోటీలో ముందు లెక్కలోకి రాని తూటాలు అయిదు. ఆ తర్వాత అయిదేసి చొప్పున నాలుగు విడతలు, విడతకు ఒక్క నిమిషం. ఒక చుక్క మ్యాగజైన్ పెట్టాను. రెండు తూటాలు వచ్చాయి. మూడోది పైకి లేవలేదు. రెండు చుక్కలది పెట్టాను. అది ఒక్కదానికే చేతులెత్తేసింది.

అసలు విడతలకు ఇంకా పది నిమిషాల టైముందని జడ్జి చెప్పాడు. మ్యాగజైన్ అడుగు మూత జరిపాను. స్ప్రింగు ఎగిరి జడ్జి బూటు దగ్గర పడింది. లోపల చూస్తే అంతా పసుపు! నువ్వుల నూనెలో కలిపిన చిక్కటి పసుపు, అందులో మసి.

"ఇదేంది బిడ్డా, పులిహోర కలిపినట్టుంది?" అన్నాడు సార్. అంతలోనే తల పట్టుకున్నాడు. "నేను ప్రార్థనల ఉంటే మీ అత్త 'పాపం, నోరెండిపోయింది' అన్నది. నన్ను జూసి అన్నదనుకున్న!"

కుట్టు మిషనుకు నూనె వేసినట్టే మా అత్త మ్యాగజైన్ మూతి చూసి జాలిపడి వేసిందన్నమాట. ఇక నా నవ్వు మొదలైంది. సార్‌కూ అంటుకుంది. పక్క ఊరి షూటర్లు మాకు పిచ్చి లేచిందనుకున్నారు. నవ్వుతూనే చున్నీ చివరతో లోపలంతా తుడిచాను. మిషను దుమ్ము దులిపే బ్రష్షు నా పర్సులోనే ఉంటుంది, దాంతో మూలలు గోకాను. స్ప్రింగును ఒక్కో చుట్టూ తుడిచి, లోపల పెట్టి మూత వేశాను. ఒక్క మ్యాగజైన్‌కే టైము సరిపోయింది. వేలితో స్ప్రింగు మీది పలకను నొక్కి వదిలితే టక్కున లేచింది. ఆ టక్కుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి విడతలో మూడో తూటా దగ్గర పులిహోర గుర్తొచ్చింది. గురి ఎటో పోయింది. తర్వాత పెదవి కొరుక్కొని కొట్టాను. ఇరవైలో ఒక్క తూటా కూడా మొరాయించలేదు. సాయంత్రం గోడకు ఎంపికైనవాళ్ల జాబితా అంటించారు. అందరికన్నా కింద ఉన్న పేరు నాది. ఆ కింద అనే మాట అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. మా సార్ చేతులు పట్టుకొని గుండ్రంగా తిరిగాను.

అత్త గడపలోనే నిలబడి ఉంది. "ఏమాయె?"

"ఎంపికైన అత్తా!"

"మరి! నేను లోపల్దాంక నూనె పసుపు పెట్టి, బోరంచ నల్లపోచమ్మ తల్లిని తల్సుకున్న గద. ఊకెనే అయితదా?"

"నీ పసుపుతోనే గెలిచిన అత్తా" అన్నాను. చున్నీని ఉతికే బట్టల్లో పడేసి మర్చిపోయాను.

ఈ ఏడు మళ్లీ దసరా వచ్చింది. మళ్లీ షెడ్డు, కంబళి, కళ్లు మూసుకున్న సార్. అత్త రైఫిల్ పెట్టెకు మాత్రం బొట్టు పెట్టి ఆగింది. ఆమె చిన్నబుచ్చుకుంటుందేమోనని మ్యాగజైన్లు నేనే ముందుకు జరిపాను. తర్వాత విప్పి తుడుచుకోవచ్చులే అనుకున్నాను.

"వాటికి వద్దు" అంది. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. నా పాత చున్నీ ముక్క, చుట్టూ చేత్తో కుట్టిన అంచు. నడుమ పోని మరకలు. "పోయినేడు ఇది ఉతికింది ఎవరనుకున్నవ్? సబ్బు తాకంగనే పసుపంత ఎర్రగైంది, దాంట్ల మసి. నేను పెట్టిందంత తుడ్సేసినవని నాకు తెల్వదా? నువ్వు గంత ముద్దుగ అబద్ధం చెప్తుంటే ఊకున్న. ఇగ దీంతోనే తుడ్వు."

ఏడాదంతా ఆమె ఒక్క మాట కూడా అనలేదు. నేను కాపాడాననుకున్న మనిషి నన్ను కాపాడుతూ వచ్చింది. నవ్వుదామనుకున్నాను, కళ్లు కారిపోయాయి. ఒక చుక్క గుడ్డ మీద పడింది.

అత్త చటుక్కున గుడ్డ లాక్కుంది. "ఏడ్వకే" అంది. "పొడిగ ఉండాలె గద!"