మామ పేరున్న కాగితం

మొన్న మా అక్క కొడుకు ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. పరాయి దేశంలో పాత వస్తువులు వేలం వేసేవాళ్ల దగ్గర కనిపించిందట. "చిన్నమ్మా, ఇందుల మన బాన్సువాడ పేరున్నది చూడు" అని సంబరంగా రాశాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. తెల్లదొరల ఫౌజులో పనిచేసిన ఒక అధికారి చేత్తో రాసిన ఉత్తరం. కింద అమ్మేవాళ్లు వివరం రాశారు: కాగితం మంచి స్థితిలో ఉంది, మధ్యలో ఒక మాట మీద పసుపు రంగు మరక ఉంది, అదొక్కటే లోపం. లోపమట! నాకు ఒళ్లు మండిపోయింది. బీపీ గోలీ వేసుకుని, ఫ్యాన్ కింద కూర్చున్నా ఆ మంట తగ్గలేదు. ఆ మరక ఎట్లా పడిందో తెలిసినవాళ్లలో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా చిన్నాయనకు, అంటే నాన్న తమ్ముడికి, దొరల ఉత్తరాల పిచ్చి. నిజాంసాగర్ కాలువ కింద వరీ చెరకూ పండించుకునే మనిషికి ఆ పిచ్చి ఎట్లా పట్టిందంటే, ఒకసారి హైదరాబాదు బస్టాండులో బటానీలు కొని పొట్లం విప్పితే, ఆ పొట్లం కాగితం ఎవరో ఫౌజు దొర ఉత్తరం. ఆ దస్తూరీ చూస్తూ కూర్చుని ఎక్కాల్సిన బస్సు పోగొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పాత కాగితాలు కొనే రద్దీ దుకాణాలవాళ్లనూ, మద్నూరు మీదుగా పోయే లారీ డ్రైవర్లనూ, కనబడ్డవాళ్లనల్లా అలాంటి కాగితాల కోసం అడిగేవాడు. హైదరాబాదు పక్కనున్న బొల్లారంలో ఫౌజు బంగ్లాల్లో వంటలు చేసి, గుర్రాలు కడిగి వచ్చినవాళ్ల కుటుంబాలు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవి. దొర తన దేశం వెళ్లిపోతూ 'ఈ మనిషి నమ్మకస్తుడు' అని రాసిచ్చిన కాగితాలు కొన్ని ఇళ్లలో ఉండేవి. చిన్నాయన సైకిలేసుకుని ఆ ఇళ్లన్నీ తిరిగేవాడు. దొరికినవి దొరికినట్టు ఆయన భార్య, మా చిన్నమ్మ పెళ్లినాటి ట్రంకుపెట్టెలో చేరేవి. ఆమె పట్టుచీరలు మాత్రం దండెం మీదికి చేరాయి. ఆ విషయంలో చిన్నమ్మ నోటికి అదుపుండేది కాదు, అందులో ఆమె తప్పేమీ లేదు.

చిన్నాయన చదువు ఉర్దూలో సాగింది. ఇంగ్లీషు రాదు. డెబ్బైల్లో నేను నిజామాబాదు కాలేజీలో చదువుతుండేదాన్ని కాబట్టి, సెలవులకు వచ్చానంటే ఆ ఉత్తరాలు చదివి చెప్పే పని నాదే. చదివేకొద్దీ నాకు కోపం వచ్చేది. రెండు పేజీలు కుక్క జబ్బు గురించి, ఒక పేజీ దోమల గురించి, ఇంకో పేజీ పక్క బంగ్లా దొరసాని టోపీ గురించి. వండి పెట్టినవాడు, మంచం కింద పామును కొట్టినవాడు, వరదలో వీపున మోసి వాగు దాటించినవాడు, వీళ్లెవరికీ పేరుండదు. 'మా పనివాడు' అని రాసి ఊరుకుంటారు. కుక్కకు మాత్రం ముద్దుపేరు కూడా ఉంటుంది. "గీళ్లను నెత్తిన వెట్టుకుంటున్నవేంది చిన్నాయనా?" అని విసుక్కునేదాన్ని. ఆయన నవ్వి, "మాటలిడిసిపెట్టు బిడ్డా, రాత జూడు, ముత్యాలు గుచ్చినట్టున్నది" అనేవాడు.

పనివాడి పేరున్న ఉత్తరం ఒక్కటంటే ఒక్కటే దొరికింది. అది పిట్లం దగ్గరి పల్లెలో ఒక అవ్వది. ఆమె మామ బొల్లారంలో ఒక దొర గుర్రాన్ని చూసుకునేవాడు. దొర పోతూ పోతూ ఆయన పేరూ, ఊరు బాన్సువాడ దగ్గరని కూడా రాసి, మంచివాడని కాగితం ఇచ్చాడు. భాద్రపద అమావాస్యను మా వైపు పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దలను పేరు పెట్టి పిలిచి అన్నం పెడతారు. ఆ మామకు ఫొటో లేదు. పేరు పిలుద్దామంటే కోడలు మామ పేరు నోటితో పలకకూడదు. భర్త ఉన్నన్నాళ్లు ఆయన పిలిచేవాడు. ఆయన కూడా పోయాక, పిల్లల్లేని ఆ ఇంట్లో ఆ పేరు పలికే నోరే లేకుండా పోయింది. అందుకని అవ్వ ఆ కాగితాన్ని పీట మీద పెట్టి, భర్త చూపించిపోయిన చోట, సరిగ్గా పేరు మీద, వేలితో పసుపు అద్ది, ముందు విస్తరి వేసేది. దాన్ని ఆమె ఎన్నడూ కాగితం అనలేదు. మామ అనే అనేది.

"వారం రోజుల్ల తెచ్చిస్త అవ్వా. నా బిడ్డతోని సదివిచ్చి, దొర ఏం రాసిండో నీకు జెప్త" అని చిన్నాయన అడిగితే, ఆమె కొత్త గుడ్డలో చుట్టి చేతికిచ్చి, "మామను ఎండల వెట్టకు పటేలా" అన్నదట. నేను ఆ ఉత్తరం చదివాను. ఆ మామ పేరు ఇక్కడ రాయను. అది వాళ్ల ఇంటిది.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి చిన్నాయన తోడల్లుడు, అంటే చిన్నమ్మ అక్క భర్త, దిగాడు. తెల్లవాళ్లతో స్నేహాలున్న పెద్దమనిషి. ట్రంకు తెరిపించి, కూరగాయలు ఏరినట్టు మంచి మంచి ఉత్తరాలన్నీ ఏరాడు. ఫొటోలు తీయించి నెలలో పంపిస్తానన్నాడు. అందులో అవ్వ ఉత్తరం కూడా ఉంది. "అది మనది కాదు" అన్నాను నేను. చిన్నమ్మ నా తొడ గిల్లి, కోడికూర గిన్నె చేతిలో పెట్టి వడ్డించమంది. చిన్నాయన ఆ ఉత్తరాల కట్టకు తాడు కట్టాడు. తోడల్లుడు అడిగితే లేదంటే అత్తగారింట్లో మాట వస్తుంది. మర్యాద! ఆ దిక్కుమాలిన మర్యాద కోసం మనది కానిదాన్ని కూడా చేతిలో పెట్టి పంపించాం. ఆయనకు లెగ్ పీసు వేసింది నేనే.

వారానికి అవ్వ వచ్చింది. నెలకు వచ్చింది. ఆ తర్వాత ఏటా పెత్రమాస ముందు వచ్చి మా అరుగు కింద కూర్చునేది. "మామ ఏడి పటేలా?" అని అడిగేది. "పట్నంల ఉన్నడవ్వా, వస్తడు" అని చిన్నాయన తల దించుకుని చెప్పేవాడు. తోడల్లుడికి ఉత్తరాలు రాస్తే వచ్చే నెల అనేవాడు. అట్లా ఎనభైలు వచ్చాయి. నేను బాన్సువాడలోనే బడిపంతులమ్మనయ్యాను.

ఒక ఏడు పెత్రమాసకు ముందురోజే తోడల్లుడు ఏదో పొలం పని మీద వచ్చి భోజనానికి కూర్చున్నాడు. అప్పుడే అవ్వ వచ్చింది. ఆమె అడగ్గానే పెద్దగా నవ్వాడు. "నీ మామ ఎప్పుడో విమానమెక్కిండు ముసలమ్మా. నా దోస్తుకు ఇచ్చిన. నువ్వు పిట్లం దాటకపోతివి, ఆయన లండన్ జూస్తుండు" అన్నాడు. "ఆడ అన్నం ఎవలు వెడ్తరు బిడ్డా?" అని అడిగింది అవ్వ. ఆయన పెరుగు ఎక్కడన్నట్టు చిన్నమ్మ వైపు చూశాడు. ఆ పెరుగు గిన్నె ఆయన నెత్తిన బోర్లించనందుకు ఇవాళ్టికీ నా చేతులు దురద పెడతాయి.

మరునాడు చిన్నాయన మా పెద్దల విస్తళ్ల పక్కన ఇంకో విస్తరి వేశాడు. బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, "వాళ్లు మన కులపోళ్లా? మన పెద్దలు అన్నం ముడ్తరారా?" అని శాపనార్థాలు పెడుతున్నా వినకుండా, ఆ మామ పేరు గట్టిగా పిలిచి అన్నం పెట్టాడు. ఆ సాయంత్రమే, అదైనా అవ్వకు ఊరటగా ఉంటుందని నన్ను వెంటబెట్టుకుని పిట్లం బస్సెక్కాడు. అవ్వ గడపలో నిలబడి, జరిగింది చెప్పాడు.

అవ్వ మొహం ఎర్రబడింది. అన్నేళ్లలో ఆమె గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి.

"కాగితం దీస్కపోతివి, ఊకున్న. ఇగ మనిషిని గూడ నీ ఇంట్ల కూసోవెట్టుకుంటివా? మా మామ ఎవలింటి మనిషి? పేరు వెట్టి విలిచి అన్నం వెడ్తే నీ ఇంటికే అలవాటువడ్తడు. ఇగ నా ఇంటి తొవ్వ యాదికుంటదా ఆయినకు?"

తలుపు వేసేసింది. చిన్నాయన ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన దొరల ఉత్తరం కోసం ఎవరి గడపా తొక్కలేదు, మా ఇంట్లో ఆ విస్తరీ వేయలేదు. అవ్వ మళ్లీ మా అరుగు దగ్గరికి రాలేదు. కొన్నేళ్లకే పోయిందని తెలిసింది. పాతబడ్డకొద్దీ ఆ కాగితానికి విలువ పెరుగుతూనే ఉంది. తప్పయిందని మేం ఆమెకు చెప్పుకోవాల్సిన మాట మాత్రం పాతబడి, పాతబడి, వినేవాళ్లే లేకుండా పోయింది.