రెండు ఉండాల్సిన చోట మూడు

మొన్న ఫోన్లో చెప్పారు కదర్రా, కంప్యూటర్లో లెక్క రాయాలంటే ఎక్స్ పక్కన టోపీ గుర్తు కొట్టి రెండు వేస్తే, ఆ రెండు దానంతటదే చిన్నదై పైకెక్కి కూర్చుంటుందని. నవ్వి ఊరుకున్నాను. ఈ సంగతి అప్పుడే చెప్పాల్సింది.

డెబ్బైల్లో నేను బెజవాడలో ఒక ప్రెస్సులో కంపోజింగ్ చేశాను. మాకూ అలాంటి గుర్తులే ఉండేవి. ఇంటర్ లెక్కల గైడు రాసిన మాస్టారు పైకెక్కాల్సిన అంకె మీద ఎర్ర పెన్సిల్‌తో గొడుగు గీసేవారు, కిందికి దిగాల్సినదాని కింద గిన్నె. అవి చూసుకుంటూ సీసం అచ్చులు ఒక్కోటీ ఏరి పేర్చాలి. నా పక్కన గుణదల నుంచి వచ్చే పెద్దాయన ఉండేవారు. బాబాయ్ అనేదాన్ని. ఆ గుర్తులు చదవడం నాకు నేర్పింది ఆయనే.

స్క్వేర్‌కి వేసే చిన్న రెళ్ళు ఎప్పుడూ చాలేవి కాదు. అయిపోతే ఏదో ఒక అచ్చు తలకిందులుగా పెట్టేవాళ్ళం. ప్రూఫులో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, ఇక మార్చడం మర్చిపోం. నాకేమో నా పేజీ మచ్చల్లేకుండా మాస్టారి కంట పడాలని. అందుకే అచ్చు తలకిందులు చేయకుండా, రెళ్ళ బదులు చిన్న మూళ్ళు పెట్టాను. రెళ్ళు దొరగ్గానే అన్నీ మార్చాను, ఒక్క పేజీ తప్ప. ప్రూఫు చూసినవాళ్ళూ గమనించలేదు.

పుస్తకం బయటికెళ్ళాక మాస్టారు వచ్చారు. కోప్పడలేదు. పిల్లలు తప్పు లెక్క బట్టీ పడుతున్నారండీ అన్నారంతే. ఆ చాప్టరు మేమిద్దరం కలిసి చేసింది. ఎవరి పేజీ అని ఫోర్మన్ గారు అడిగారు. నేను అచ్చుల గడుల్లోకి తల దించేసుకున్నాను.

బాబాయ్ కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "నాదే అయ్యుంటుందండీ. ఈ మధ్య రెండూ మూడూ ఒకలాగే కనబడుతున్నాయి."

నన్ను కాయడానికి అన్లేదర్రా. నిజంగానే అలా అనుకున్నారు.

ఆయన్ని లెక్కల నుంచి తీసి పెళ్ళికార్డులకి వేశారు. లెక్కలన్నీ నాకిచ్చారు. గట్టిదానివే అమ్మాయ్ అని బాబాయ్ సంతోషించారు కూడా.

ఆ తర్వాత ప్రతి కార్డు ప్రూఫూ నా దగ్గరికి తెచ్చేవారు. "ఓసారి చూసిపెట్టమ్మా, నా కళ్ళని నేను నమ్మలేను."

చూసేదాన్ని. ఒక్కనాడూ తప్పు దొరకలేదు. కార్డు బాగుంది బాబాయ్ అనేదాన్ని. మీ కళ్ళు బాగానే ఉన్నాయని మాత్రం, ఆయన పని మానేసిన రోజు దాకా, నా నోటికి రాలేదు.