పరలోక ప్రార్థన చెప్పినంతసేపు

ఈ సాక్ష్యం చెప్పమని మా ఉపదేశిగారు నన్ను ఎప్పటినుంచో అడుగుతున్నారు. మొదట్లో నాకు అక్షరాలు వచ్చేవి కావు, ఎవరైనా రాసిపెడతామన్నా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే నేను మాట్లాడేటప్పుడు ఒక చోట నిలవను, వెనకది ముందుకు, ముందుది వెనక్కు చెబుతాను, రాసేవారు విసుగెత్తి సగంలోనే ఆమేన్ అని పెట్టేస్తారేమోనని నా భయం! తల నెరవడం మొదలయ్యాక, ఊరూరా తిరిగి స్త్రీలకు వాక్యం నేర్పే బైబిలు స్త్రీ జ్ఞానమ్మగారు నా చేయి పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు నా వ్రేళ్ళతోనే రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి, సహోదరులారా, జరిగినది మాత్రం తప్పు రాయను.

మా పల్లె ఓర్వకల్లు రాళ్ళ గుట్టల వెనుక ఉంది. ఊరికి ఎడంగా ఉన్న మా గేరిలో, అదే మా వాడలో, అందరమూ ప్రభువును నమ్ముకున్నవాళ్ళమే. వానలు వరుసగా తప్పిపోయిన ఆ కాలంలో బావులు ఎండాయి, చెరువు పగిలింది, పశువులు డొక్కలు అంటుకుపోయి నిలబడినచోటనే కూలిపోయాయి. నా భర్త యోహాను రాళ్ళు కొట్టేవాడు. ఎక్కడో దూరాన కాలువ పని జరుగుతోందని విని మరి కొందరితో కలిసి వెళ్ళాడు, వెళ్ళిన తరువాత కబురు లేదు. మేము చింతగింజలు దంచుకుని, బలుసాకు ఉడకబెట్టుకుని తిన్నాము. ఎండలు ముదరకముందే నా కొడుకు ఏలియా పోయాడు. ఏడవడానికి కూడా శక్తి లేక, నోరు తెరిచి శబ్దం లేకుండా పోయాడు.

ఆ దినం నుంచి నా కాళ్ళకు ఏదో పట్టింది. కూర్చుంటే గుండె దడదడలాడేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు, తిరగలి ముందు కూర్చుని ఒక చుట్టు తిప్పి లేచిపోయేదాన్ని, పొయ్యి ముట్టించి వదిలేసి రోడ్డు దాకా నడిచేదాన్ని, బస్సు దుమ్ము కనిపిస్తే పరుగెత్తేదాన్ని, అది వెళ్ళిపోతే మళ్ళీ ఇంటికి, ఇంటి నుంచి గుడికి, గుడి నుంచి ఏలియాను పెట్టిన చోటికి. దేవుని సన్నిధిలో మోకాళ్ళూని ఒక్క ప్రార్థన కూడా ముగించలేకపోయాను! గేరిలో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు మగదిక్కు లేకపోతే ఇంతేనన్నారు. నా ఆడబిడ్డ సారమ్మ మాత్రం నన్ను చూసినప్పుడల్లా, "యాడికి పోతాండావు వదినా? ఆ రోడ్డేమన్నా నీకు బాకీ ఉండాదా?" అని చేయి పట్టుకుని వెనక్కు తెచ్చేది.

నాకు మిగిలింది ఒక్కతే కూతురు, రూతు. అప్పుడు దానికి మాటలు వస్తున్నాయి. నేను తిరుగుతుంటే అది నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెంట నడిచేది. కొన్నాళ్ళకు నడవలేక ఎత్తుకోమనేది, తరువాత ఎత్తుకోమని కూడా అడగలేదు. ఏలియా ఇలాగే ఉన్నాడు కదా మొదట అని నా లోపల ఒక మాట తిరుగుతూనే ఉండేది, ఆ మాటను తప్పించుకోవడానికి నేను ఇంకా వేగంగా నడిచేదాన్ని.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ప్రతి స్త్రీ పొయ్యి మీద ఎసరు పెట్టకముందే ఒక పిడికెడు గింజలు తీసి దేవుని కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి వస్తాయి. మంచి ఏళ్ళలో మేము అలా వేసిన జొన్నలన్నీ గుడి వెనుక నేలలో తవ్విన పాతరలో పోసి, పైన మట్టితో మెత్తి పెట్టారు. గుడి కప్పు గడ్డిది. దానికి బండలు వేయించాలని మా అందరి కోరిక, ఆ గింజలు దానికోసమే.

ఒక ఆదివారం ఆరాధన తరువాత ఉపదేశిగారు లేచి, పాతర తెరుద్దాము, గంజి కాచి ఊరందరికీ పోద్దాము అన్నారు. గుడి అంతా గుసగుసలాడింది. సంఘపెద్ద దావీదు మామ లేచి నిలబడ్డాడు.

"అది దేవుని సొమ్ము అయ్యా. గుడి కప్పుకని ఎత్తిపెట్టినాం. ఈపొద్దు తినేస్తే రేపు వానొచ్చినప్పుడు యాడ కూచుంటాం? తడుచుకుంటా ప్రార్థన చేస్తామా?"

సారమ్మ వెనుక నుంచి అందుకుంది. "వాన రానీ మామా, తడిసే భాగ్యం కలగనీ! నేనైతే నెత్తిన చేట గూడా పెట్టుకోను."

అందరూ నవ్వారు. ఎన్ని నెలల తరువాతో ఆ గుడిలో నవ్వు వినబడింది! దావీదు మామ కూడా మీసం కింద నవ్వి, "అయితే ఊరోళ్ళకు గూడా పోయల్లనా? మనం వండితే వాళ్ళు తాగుతారా?" అన్నాడు. ఉపదేశిగారు, వండినది తాగని వారికి గింజలే ఇద్దాము, ఆకలి మన గేరిలోనే కాపురం పెట్టలేదు కదా అన్నారు. దావీదు మామ చాలాసేపు కప్పు వైపు చూసి, తానే వెళ్ళి పలుగు తెచ్చాడు.

పాతర మూత తీసి, లోపలి వేడి గాలి పోయేదాకా ఆగి, దీపం దించి చూసి, అప్పుడు మనిషి దిగాడు. జొన్నలు పసుపెక్కి మగ్గిన వాసన వేస్తున్నా పురుగు పట్టలేదు. దేవునికే మహిమ!

ఇక్కడ మా వల్ల ఒక పొరపాటు జరిగింది. మా సీమలో ఎవరైనా ఇంటికి వస్తే గట్టి సంగటి ముద్ద పెట్టడమే మర్యాద, నీళ్ళ గంజి పోస్తే అవమానం. గంజి అని ఉపదేశిగారు చెప్పినా, పొయ్యి దగ్గర కూర్చున్న స్త్రీలకు మనసొప్పలేదు. "దేవుని పేరు మీద పిలిచి నీళ్ళు పోసి పంపితే మన పరువేం గావల్ల?" అని సారమ్మ గరిటె నిలబడేంత గట్టిగా సంగటి కెలికింది. దూదేకుల వీధి నుంచి ముస్లిం స్త్రీలు పిల్లలతో వచ్చారు, మా గేరి అంతా వచ్చింది, ఊరివాళ్ళు దూరంగా నిలబడి కొంగుల్లో గింజలు పోయించుకుని పోయారు. పిల్లలు రెండు చేతులతో ముద్దలు మింగుతుంటే మేము ఆనందంతో కీర్తనలు పాడాము. రూతుకు నేను ముద్ద మీద ముద్ద పెట్టాను. తింటోంది, తింటోంది అని అందరినీ పిలిచి చూపించాను.

మధ్యాహ్నానికి పిల్లలు కడుపులు పట్టుకుని మెలికలు తిరిగారు. వాంతులు, విరేచనాలు! రూతు కళ్ళు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి, ఒంటి మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. నా కాళ్ళు నన్ను బయటికి లాగాయి. బిడ్డను సారమ్మ ఒడిలో పడేసి నేను గేరి ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాను, నోట్లో ఏలియా పేరే వస్తోంది.

అదే సమయానికి దేవుడు జ్ఞానమ్మగారిని పంపాడు. ఆమెది కమలాపురం వైపు. మా ఊళ్ళ గురించి విని ఎండలో నడిచి వచ్చింది. పూర్వం మిషను ఆసుపత్రిలో పనిచేసినప్పుడు కరువు పిల్లలను చూసిందట. కుండలోకి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో తల్లుల్లారా! ఎండిన పేగుల్లోకి గడ్డపార దించినారు గదమ్మా!"

చేతిలో ఉన్న సంచి కింద పెట్టకుండానే ఆమె స్త్రీలందరినీ కూడదీసి నేర్పించింది. నీళ్ళు తెర్లేదాకా కాచాలి. జొన్నపిండి గుడ్డలో జల్లించి, చేయి ముంచితే వ్రేళ్ళు కనబడేంత పలచగా గంజి కాచి, ఉప్పు వేయాలి. ఉగ్గుగిన్నెతో ఒక గుక్క పోసి, ఆగి, అది కడుపులో నిలిచిన తరువాత ఇంకొక గుక్క పోయాలి. ఎంతసేపు ఆగాలి అని సారమ్మ అడిగింది. మా గేరిలో గడియారం ఎవరికుంది?

"యేసయ్య నేర్పించిన పరలోక ప్రార్థన అందరికీ వచ్చు గదా," అంది జ్ఞానమ్మగారు. "నిదానంగా ఒకసారి చెప్పండి. ఆమేన్ అన్నాక ఇంకో గుక్క."

తరువాత ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గేరి చివర నా భుజం పట్టుకుని ఆపి, ఇంటికి తెచ్చి వాకిట్లో కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె చేతిలో పెట్టి, సారమ్మ దగ్గరున్న రూతును తెచ్చి నా ఒడిలో పెట్టింది. నేను లేవబోయాను. ఇంకెవరికైనా ఇవ్వండమ్మా, నా వల్ల కాదు, నేను నిలవలేను అన్నాను. "నిలవలేకపోతే నిలవొద్దులే, కూచో," అంది, అంతే, ఇంకొక బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

సహోదరులారా, ఆ సాయంకాలం నేను చేసిన యుద్ధం ఎవరికీ కనబడలేదు. ఒక గుక్క పోసి ప్రార్థన మొదలుపెట్టేదాన్ని, సగానికి రాకముందే నా ప్రాణం లేచి రోడ్డు మీదికి పరుగెత్తేది, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి, ఆమేన్ అని గిన్నె ఎత్తేసేదాన్ని. అటు వెళుతున్న జ్ఞానమ్మగారు విని, "ఏంది కరుణమ్మా, దేవునికి బస్సు దాటిపోతాండాదా? మెల్లగ చెప్పు," అంది. మళ్ళీ మొదలుపెట్టాను. రూతు కక్కేసింది. మళ్ళీ ఒక గుక్క. తొడలు వణుకుతున్నాయి, వాకిట్లోంచి రోడ్డు నన్ను పిలుస్తోంది. అప్పుడు నేను నా సొంత మాటలతో ఇలా మొరపెట్టాను: "ప్రభువా, నా కొడుకును ఎందుకు తీసుకున్నావని నేను ఈ పొద్దు అడగను, తరువాత అడుగుతాను, నువ్వు జవాబు చెప్పాలి. ఇప్పుడు మాత్రం నా కాళ్ళు విరిచైనా సరే, ఈ బిడ్డ దగ్గర నన్ను కూర్చోబెట్టు!"

మెరుపు మెరవలేదు, స్వరం వినబడలేదు. నేను ప్రార్థన మళ్ళీ మొదటినుంచి చెప్పాను, అంతే. ఆనాటి ఆహారం అడిగే మాట దగ్గరికి వచ్చేసరికి నా నోరు తనంతట తానే నెమ్మదించింది, ఎందుకంటే ఆ మాట నేను చిన్నప్పటినుంచి చెబుతున్నా అడగడం మాత్రం అదే మొదటిసారి. ఆమేన్ అన్నాను. ఒక గుక్క. నిలిచింది. ఇంకొక గుక్క. నిలిచింది! పొద్దు గుట్టల వెనక్కు దిగేటప్పటికి రూతు నా చేతిలోని ఉగ్గుగిన్నెను తన వ్రేళ్ళతో పట్టుకుని, ప్రార్థన ఇంకా ముగియకముందే నోటికి లాక్కుంది. అప్పుడు చూసుకున్నాను, నా తొడలు తిమ్మిరెక్కి రాళ్ళయ్యాయి. ఏలియా పోయిన తరువాత నేను అంతసేపు ఒకచోట కూర్చున్నది అదే. దేవునికే మహిమ, స్తోత్రం! నా బిడ్డ బ్రతికింది.

నా అలజడి ఆ ఒక్క సాయంకాలంతో తుడిచిపెట్టుకుపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. ఇప్పటికీ కొన్ని దినాలు కాళ్ళు లాగుతాయి. మేము గంజి పోసినవారందరూ బ్రతికారని కూడా చెప్పను. కాని వానలు పడేదాకా మా సంఘంలోని స్త్రీలు వీధికొకరు చొప్పున నిలబడి, తెలిసినది తెలియనివారికి నేర్పుతూ, కుండ దించకుండా నడిపారు. మా గుడి మీద ఇంకా గడ్డి కప్పే ఉంది, మేము తడుస్తూనే ఆరాధిస్తున్నాము, దావీదు మామే అందరికంటే ముందు కూర్చుని తడుస్తున్నాడు. చదువుతున్న సహోదరీ, నీ గుండె కూడా నిలవకుండా పరుగెత్తుతోందా? నిలకడ వచ్చిన తరువాత దేవుని దగ్గరికి వద్దామని ఆగవద్దు. వణికే కాళ్ళతోనే రా, ఆయన నీ చేతిలో ఏదో ఒక చిన్న పని పెడతాడు. ఆయనను నమ్ముకో. మీ సంఘంలో దేవుని కుండలున్నాయి కదా, కరువు రాకముందే అవి ఎవరి ఆకలి తీర్చాలో కూర్చుని మాట్లాడుకోండి.

ఇంక ఒక్కటే రాసి ముగిస్తాను. ఆ సాయంకాలమే, గుడి దాకా రాలేనివారికి ఊళ్ళో గింజలు పంచి వచ్చిన సారమ్మ ఒక మాట చెప్పింది. రెడ్ల ఇంటి నాగమ్మవ్వ కొడుకులు పశువులను తోలుకుని నల్లమల వైపు మేతకు పోయారు, ఇంట్లో ముసలామె, మనవడు మాత్రమే ఉన్నారు, ఆ పిల్లవాడు కూడా మన రూతు మాదిరే పడి ఉన్నాడు, అని. మరునాడు తెల్లవారగానే రూతును సారమ్మకు అప్పగించి, నేను కొంగులో జొన్నపిండి మూటకట్టుకుని ఊళ్ళోకి నడిచాను. ఆ ఇంటి వాకిలి బయట, గోడ పక్కన నిలబడి పిలిచాను.

"ఎవరే అది? గింజలకొచ్చింటే మా కాడ ల్యావు," అంది నాగమ్మవ్వ లోపలినుంచి.

"పిండి నేనే తెచ్చినా రెడ్డమ్మా. పిల్లోనికి సంగటి పెట్టొద్దు తల్లీ, పలచగ గంజి కాయండి."

"నీళ్ళ గంజి తాగే గతి మా ఇంటికింకా పట్టలేదే! నా మనవనికి నేను ముద్దే పెడతా."

"పెట్టిన ముద్ద నిలిచిందా తల్లీ?"

ఆమె వాకిట్లోకి వచ్చి చేట ముందుకు చాపింది, నేను తాకకుండా పైనుంచి పిండి పోశాను. నీళ్ళెన్ని, ఉప్పెంత, ఎలా కలపాలి, అన్నీ నేను గోడ ఇవతలి నుంచి అరిచి చెబితే ఆమె లోపల కాచింది. గుక్కకూ గుక్కకూ మధ్య ఎంతసేపు ఆగాలని అడిగింది. మా ప్రార్థన ఒకటి చెప్పినంతసేపు అన్నాను.

"మీ ప్రార్థనలు నాకు రావే. నేను అహోబిలం సామిని కొలిచేదాన్ని."

"మీరేం చెప్పొద్దు తల్లీ. ఈన్నే కూచొని నేను చెప్తా. నేను ఆమేన్ అంటానే మీరొక గుక్క పోయండి."

ఆ గోడ నీడలో కూర్చుని గట్టిగా, లోపలికి వినబడేటట్టు చెప్పాను. ఆమేన్ అన్నాను. గిన్నె చప్పుడైంది. "మింగినాడే!" అంది ముసలామె. నేను కళ్ళు తుడుచుకుంటూ కొంచెం ఆలస్యం చేశాను.

"ఏమే, నిలిపినావే? చెప్పు!"

నేను మళ్ళీ మొదటినుంచి, మెల్లగా, మొదలుపెట్టాను.